మకుటమే మొదలు

శతకంలో మకుటం ఎందుకుంటుందని ఎవరినైనా అడగండి. ఫలానా శతకంలోది అని గుర్తుపట్టడానికి అంటారు. బడిలో మనకు చెప్పిందీ అదే. పద్యమంతా అయిపోయాక చివర కవి వేసే ముద్ర అనీ, ఆ ముద్ర తీసేసినా పద్యానికి వచ్చే లోటేమీ లేదనీ మనలో చాలామంది అభిప్రాయం. గణాలు కట్టి చూస్తే సంగతి తలకిందులవుతుంది. గొప్ప శతకకారుడి దగ్గర మకుటం చివరికి వచ్చి చేరిన మాట కాదు. పద్యం పుట్టిందే అక్కడ. అక్కణ్ణుంచి వెనక్కి, నాలుగో పాదం మొదటి అక్షరం దాకా కవి నడిచి వస్తాడు. నేను చెప్పబోయేది ఆ నడక గురించే.

నియమాలు రెండు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం. పాదం మొదటి అక్షరానికీ, అదే పాదంలో ఛందస్సు నిర్ణయించిన మరో చోటి అక్షరానికీ మైత్రి కుదరడం యతి. హల్లు ఒక్కటే కలిస్తే చాలదు, దాని మీది అచ్చు కూడా కలవాలి. అ, ఆ, ఐ, ఔలు ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ, ఋలు ఒక జట్టు. ఉ, ఊ, ఒ, ఓలు ఒక జట్టు. ఇక నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంలో ఒకే హల్లు ఉండటం ప్రాస. మొదటి పాదం గురువుతో మొదలైతే మిగిలిన మూడూ గురువుతోనే మొదలవ్వాలి. సంస్కృత వృత్తాల్లో యతి అంటే ఊపిరి తీసుకునే విరామం, అంతే. ప్రాస నియమం సంస్కృతంలో లేనే లేదు. కన్నడ కవులకు ప్రాస తప్పదు కాని మన తరహా అక్షరమైత్రి అక్కర్లేదు. తమిళుల ఎదుగై, మోనైలు మన ప్రాసయతులకు దగ్గరి చుట్టాలు. మన యతిప్రాసల నియమాలన్నీ అప్పకవి పదిహేడో శతాబ్దంలోనే విడమరిచి పెట్టాడు. ఓపికున్నవాళ్లు అప్పకవీయం తిరగేయండి. ఆ యతిభేదాల అడవిలో తప్పిపోయినవాళ్లు తిరిగి రావడం కష్టమని పెద్దలు సరదాగా అంటుండేవారు.

ఇప్పుడు ధూర్జటి దగ్గరికి వద్దాం. రాయలవారి భువనవిజయంలో అష్టదిగ్గజాల్లో ఒకడని వాడుక. చివరికి రాజుల కొలువంటేనే రోత పుట్టి శివుడి పాదాలు పట్టుకున్నాడని చెబుతారు. ఆ కథల నిజానిజాలు చరిత్రకారులు తేల్చుకోనీ. నాకు కావలసింది ఆయన ఎంచుకున్న మకుటం: శ్రీకాళహస్తీశ్వరా. ఏడక్షరాలు. గురులఘువులు వేయండి. శ్రీకాళ, గురువు గురువు లఘువు, తగణం. హస్తీశ్వ, మళ్లీ తగణం. చివర రా, ఒక గురువు. శార్దూలానికి గణాలు మ స జ స త త గ. మొత్తం పందొమ్మిది అక్షరాలు, యతి పదమూడో అక్షరం. చివరి ఏడక్షరాలు త త గ. అంటే మకుటం సరిగ్గా యతిస్థానం మీద మొదలై పాదాంతం దాకా నిండుతుంది.

ఇంతటితో అయిపోలేదు. మత్తేభానికి గణాలు స భ ర న మ య వ. ఇరవై అక్షరాలు, యతి పద్నాలుగో అక్షరం. పేర్లు వేరు, గణాల వరస వేరు. అయినా పద్నాలుగో అక్షరం నుంచి చివరి దాకా గురులఘువులు వేసి చూడండి: గురువు గురువు లఘువు గురువు గురువు లఘువు గురువు. అవే ఏడు, అదే వరస. ఒక్క మకుటం రెండు వృత్తాల్లోనూ పిసరంత ఎక్కువ తక్కువ లేకుండా కూర్చుంటుంది. ఇంకో సూక్ష్మం చూడండి. శ్రీ అనేది జంట అక్షరం, ముందున్న లఘువును గురువుగా బరువెక్కించే గుణం దానిది. ఆ ముందున్న చోట, శార్దూలంలో పన్నెండో అక్షరం, మత్తేభంలో పదమూడో అక్షరం, రెండూ గురువులే కావాలి. (తెలుగు మాట చివరి లఘువు ముందు శ్రీ వస్తే ఆ బరువు పడుతుందా పడదా అనేది వేరే తగాదా. ఇక్కడ ఎత్తను.) ఇవన్నీ ధూర్జటి కాగితం మీద లెక్కగట్టి చేశాడని నేననను. చెవికి తెలిసిన లెక్క అది.

ఇక దీని పర్యవసానం. మకుటం యతిస్థానంలో పడింది కాబట్టి ప్రతి పద్యంలోనూ నాలుగో పాదం మొదటి అక్షరం శ్రీకి మైత్రి కావాలి. చ, ఛ, జ, ఝ, శ, ష, స, వీటి మీద ఇ, ఈ, ఎ, ఏ, ఋల్లో ఏదో ఒకటి. శ్రీలో రేఫ కూడా ఉంది కాబట్టి రి, రీ, రె, రేలు పనికొస్తాయి. అంతే. తెలుగు, సంస్కృత పదసంపద అంతట్లోనూ నాలుగో పాదం ఎత్తుకోవడానికి కవికి మిగిలిన వాకిళ్లు ఇవే. ఆ వాకిళ్లలో ఏ మాటలు నిలబడి ఉన్నాయో చూడండి: శివ, చిత్తము, చింత, సేవ, జీవుడు, సిరి, చెలి, చేటు, రేపు. శార్దూలం గురువుతో మొదలవుతుంది కాబట్టి చిత్తము, చింత, సేవ, జీవులు దాని వాటా. మత్తేభం లఘువుతో మొదలవుతుంది కాబట్టి శివ, సిరి, చెలి దీని వాటా. రాజసేవ మీద రోత, సిరి మీద విసుగు, చెలుల మీద పశ్చాత్తాపం, జీవుడి చింత, చిత్తశాంతి, శివుడు. ఆ శతకంలో ఉన్న సరుకంతా ఇదే కదా! మకుటంలోని మొదటి అక్షరమే శతకానికి విషయసూచిక రాసిపెట్టిందంటే నన్ను పిచ్చివాడంటారేమో. అనండి, అనిపించుకుంటాను.

ఇక్కడ ప్రాస కూడా వచ్చి చేరుతుంది. నాలుగో పాదం మొదటి అక్షరాన్ని మకుటం శాసిస్తుంది, రెండో అక్షరాన్ని ఆ పద్యపు ప్రాస శాసిస్తుంది. పద్యం ‘విత్తంబు’ అని మొదలైందనుకోండి. ప్రాస త్తకారం. రెండో పాదం మత్తుతోనో పొత్తుతోనో ఎత్తుకోవచ్చు. అక్కడ మొదటి అక్షరం ఏదైనా ఫరవాలేదు, యతిస్థానంలో దానికి జోడీ వెతుక్కుంటే సరిపోతుంది. నాలుగో పాదంలో ఆ వెసులుబాటు లేదు. శ్రీకి మైత్రి కుదరాలి, వెంటనే త్తకారం రావాలి. చిత్తము తప్ప గట్టి మాట మరొకటి నాకు తోచడం లేదు. విత్తంతో మొదలుపెట్టినవాడు చిత్తం దగ్గరికి రాక తప్పదు! ఛందస్సు సంకెల అని ఎగతాళి చేసేవాళ్లు ఈ చిన్న లెక్క ఒక్కసారి వేసి చూడాలి. ఈ నియమం కవి నోరు కట్టేసిందా, అతను చెప్పవలసిన మాటను అతని చేతిలో పెట్టిందా?

ఇంకొక సుగుణం. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. పిలుపు ఆ వాక్యంతో అన్వయం అక్కర్లేకుండా ఎక్కడైనా నిలబడుతుంది. కాబట్టి ధూర్జటి నాలుగో పాదంలో మకుటానికి ముందున్న పన్నెండో పదమూడో అక్షరాల్లో వాక్యం ముగించేస్తాడు. ప్రశ్న అడిగేసో, నిష్ఠూరమాడేసో, తెగించి ఒక మాట అనేసో అప్పుడు పిలుస్తాడు. అక్షరాలు మారవు. ముందున్న మాటను బట్టి ఆ పిలుపు ఒకసారి మొర, ఒకసారి దెప్పిపొడుపు, ఒకసారి సవాలు. నూరుసార్లు వచ్చినా విసుగెత్తకపోవడానికి కారణం అదే.

ధూర్జటికి చాలా ముందు, పదమూడో శతాబ్దంలో యథావాక్కుల అన్నమయ్య సర్వేశ్వర శతకం చెప్పాడు. రాసిన తాటాకు కృష్ణలో వదిలితే అది ఎదురీది తిరిగి వచ్చేదని ఒక కథ ఉంది. వినడానికి బాగుంటుంది. సర్వేశ్వరా అన్నది నాలుగక్షరాలే, యతిస్థానం దాటాక మొదలవుతుంది, నాలుగో పాదం మొదటి అక్షరం మీద దానికి అధికారం లేదు. అన్నమయ్య మహాకవే, కాదనను. కాని ఆ మకుటానికి ధూర్జటి మకుటానికున్న పట్టు లేదు. నేను ధూర్జటి పక్షం, దాచుకోవడమెందుకు?

ఆ పట్టును ఇంకా బిగించినవాడు కంచెర్ల గోపన్న, మన భద్రాచల రామదాసు. దాశరథీ శతకం ఉత్పలమాలల్లో, చంపకమాలల్లో నడుస్తుంది. ఉత్పలమాలకు ఇరవై అక్షరాలు, యతి పదో అక్షరం. చంపకమాలకు ఇరవై ఒకటి, యతి పదకొండో అక్షరం. రెండింట్లోనూ యతి నుంచి చివరికి పదకొండక్షరాలు, గురులఘువుల వరస కూడా ఒకటే. ఆ పదకొండూ ఆయన మకుటానికే పోయాయి: దాశరథీ కరుణాపయోనిధీ. నాలుగో పాదంలో కవి చెప్పుకోవడానికి మిగిలింది ఉత్పలమాలలో తొమ్మిది, చంపకమాలలో పది అక్షరాలు. అందులో మొదటిది దా అక్షరానికి మైత్రి కావాలి: త, థ, ద, ధల మీద అకార జట్టు అచ్చు. రెండోది ప్రాస. మొదటి మూడు పాదాలు కర్మ, మర్మ, నిర్మలాలతో ఎత్తుకున్నవాడికి నాలుగో పాదంలో ధర్మమే దిక్కు. ఈ ఇరుకులో నిలబడి శతకం పొడుగునా ఊపిరాడని జాడ ఎక్కడా లేకుండా, పిల్లలు ఆడుకుంటూ పాడుకునేంత తేలిగ్గా పద్యం నడిపినవాడిని భక్తుడని దండం పెట్టి ఊరుకుంటున్నాం. ఆయన శిల్పం గురించి మాట్లాడేవాళ్లేరీ? గోల్కొండ చెరసాల కథ చెప్పినన్నిసార్లు ఆయన యతి గురించి చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

అవధానం చూసినవాళ్లకు ఇదంతా కొత్తగా అనిపించదు. సమస్యాపూరణంలో పృచ్ఛకుడు నాలుగో పాదం ఇచ్చేస్తాడు. అవధాని అక్కణ్ణుంచి వెనక్కి పద్యం కట్టుకు రావాలి. తిరుపతి వేంకట కవులు, కొప్పరపు సోదరులు సభల్ని ఊపేసింది ఇలాంటి విద్యతోనే. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి శతావధానంలో నూరుమంది అడిగిన పద్యాలకు పాదం పాదంగా పూరణ చెబుతూ, చివర అన్నీ ధారణ చేసి వరసగా అప్పజెప్పేవారు. శతకకారుడు చేసేదీ ఈ పనే. కాకపోతే సమస్య ఇచ్చిందీ పూరించిందీ ఒక్కడే, అదీ నూరుసార్లు.

కందం దగ్గర లెక్క మారుతుంది. కందం చెప్పినవాడే కవి అని సామెత ఊరికే రాలేదు. నాలుగేసి మాత్రల గణాలు, మొదటి మూడో పాదాల్లో మూడు, రెండో నాలుగో పాదాల్లో ఐదు, మొత్తం అరవై నాలుగు మాత్రలు. బేసి గణం జగణం కాకూడదు. ఆరో గణం నలమో జగణమో కావాలి. రెండో నాలుగో పాదాల చివర గురువు ఉండాలి. చివర గురువు రావాలంటే ఆఖరి గణానికి రెండే రూపాలు: సగణం, లేదా గగ. బద్దెన మకుటం సుమతీ, అది సగణం. కృష్ణ శతకం మకుటం కృష్ణా, అది గగ. ఉన్న రెండు గదుల్లో ఇద్దరూ చెరొకటి తీసుకున్నారు! ఈ మకుటాలు యతి దాటాక వస్తాయి కాబట్టి నాలుగో పాదం ఎత్తుగడ స్వేచ్ఛగా ఉంటుంది. బద్దెన ఆ స్వేచ్ఛను చురకలు వేయడానికి వాడుకున్నాడు. చెప్పాల్సింది చెప్పేసి, నాలుగు మాత్రల్లో బుజ్జగించి వదిలేస్తాడు. కొన్ని పద్యాల్లో ఆయన ఆడవాళ్ల మీద, కులాల మీద అన్న మాటలు ఇవాళ వినలేం, వినకూడదు కూడా. ఆ మాటలు చెడ్డవైనంత మాత్రాన కందం నడక చెడిపోలేదని మాత్రం ఒప్పుకోక తప్పదు.

వేమన్న సంగతి వీళ్లందరికంటే వింత. ఆటవెలదిలో మొదటి మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో నాలుగో పాదాల్లో ఐదూ సూర్యగణాలే. ప్రాస నియమం లేదు. వేమన్న నాలుగో పాదం మొత్తాన్నీ మకుటానికి రాసిచ్చేశాడు: విశ్వదాభిరామ వినురవేమ. ఆ పాదం గణాలు కట్టి చూడండి: మూడు హగణాలు, ఒక నగణం, మళ్లీ హగణం. దాని యతి దానిలోనే ఉంది, పద్యంలో మరే అక్షరంతోనూ దానికి పని లేదు. తాళం వేసిన పెట్టె లాంటి పాదం. ఫలితంగా ఆయనకు మిగిలింది మూడు పాదాలే, పదిహేను గణాలు. మొదటి రెండు పాదాల్లో కళ్లముందు కనబడే వస్తువేదో చూపిస్తాడు, మూడో పాదంలో దెబ్బ కొడతాడు. నాలుగో పాదం ఆ దెబ్బ ఇంకడానికి ఇచ్చే వ్యవధి. వినేవాడికి మకుటం కంఠతా వచ్చు కాబట్టి అది వినిపిస్తున్నంతసేపూ మనసు మూడో పాదం దగ్గరే ఉంటుంది. వేమన్న యతులు కొన్నిచోట్ల అప్పకవికి నచ్చవని ముక్కు విరిచే పండితులున్నారు. బ్రౌన్ దొర 1829లో ఆ పద్యాలు ఏరి అచ్చు వేయించే నాటికి అవి ఎన్ని నోళ్లలో పడి ఎన్ని రూపాలు మారాయో ఎవరికెరుక? నోట నలిగిన పద్యానికి తాళపత్రం కొలబద్ద పెట్టడం అన్యాయం.

సీస శతకాల మీద నాకు అంత మోజు లేదు. ధర్మపురి శేషప్ప నరసింహ శతకంలో, కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలో మకుటం ఎత్తుగీతిలో రెండు పాదాలు ఆక్రమిస్తుంది. అయినా నాలుగు పొడుగాటి సీసపాదాలు, గీతిలో మరో రెండు పాదాలు కవి చేతిలోనే ఉంటాయి. ఇరుకు లేదు, అందుకే బిగువూ తక్కువ. పురుషోత్తమ కవి నిందాస్తుతి చమత్కారం మాత్రం వేరే వ్యాసానికి సరిపడా ఉంది.

ఇప్పుడు కడుపుమంట. ఈ రోజుల్లో శతకాలు రావడం లేదని కాదు. కుప్పలుగా వస్తున్నాయి. ఒక నాయకుడి పుట్టినరోజుకు ఒకటి, ఒక బాబాకు ఒకటి, పర్యావరణానికి ఒకటి, చరవాణికి ఒకటి. ముందు పద్యం రాసుకోవడం, చివర ఖాళీ ఉన్నచోట మకుటం కుక్కడం. నాయకుడి పేరు గణాల్లో ఇమడకపోతే లేని దీర్ఘమొకటి తగిలించడం. యతి కుదరకపోతే పాదం మొదట ఇలను, ధరను, అరయ, వేడ్క అని అర్థం లేని మాట ఒకటి పడేయడం. నాలుగో పాదం మొదటి మాట శతకానికి ఆయువుపట్టు అని ఇంతసేపూ చెప్పుకున్నాం. సరిగ్గా ఆ చోటే వ్యర్థపదం పెడుతున్నారు! గణాలు సరిచూసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. అవి గురులఘువులు లెక్కపెడతాయి, యతి సరిపోయిందని చెబుతాయి. మాట చచ్చిపోయిందని చెప్పవు. ‘గణాలన్నీ సరిపోయాయండీ’ అని సభల్లో గొప్పగా చెప్పుకునేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. గణాలు సరిపోవడం పద్యం రాయడానికి మొదటి మెట్టు. దాని మీద కూర్చుని సన్మానం చేయించుకుంటే ఎలా?

అంతకంటే ఘోరం వేమన్నకు జరుగుతున్నది. ఎవరో ఒక నీతివాక్యం మూడు ముక్కలుగా విరిచి, కింద వేమన్న మకుటం అతికించి వాట్సాప్‌లో వదులుతారు. గణం లేదు, యతి లేదు, వేమన్న చూపు అసలే లేదు. తెల్లారేసరికి ఊరంతా తిరుగుతుంది. రేపు పిల్లలు అదే వేమన పద్యమని నేర్చుకుంటారు. ఆటవెలది మూడు పాదాలు చెవిలో ఉన్నవాడికి నకిలీ తెలియడానికి క్షణం పట్టదు. ఆ చెవి ఇవాళ్టి బడి తయారుచేయడం లేదు. పద్యం ఇచ్చి, ప్రతిపదార్థం ఇచ్చి, తాత్పర్యం బట్టీ పట్టించి మార్కులు వేసేస్తున్నాం. అయ్యా, పాఠ్యపుస్తకాలు కూర్చేవాళ్లారా, ఒక్క శతకానికైనా మకుటం గణవిభజన చూపించండి. యతిస్థానంలో అక్షరం కాస్త లావుగా అచ్చు వేయండి. పోటీల్లో ఎవరు వేగంగా చదివారని కాకుండా, మకుటానికి ముందు ఎవరు ఎక్కడ ఆగారని చూసి బహుమతి ఇవ్వండి. దీనికి డబ్బు ఖర్చు లేదు.

వచన కవిత్వం వాళ్లతోనూ ఒక మాట ఉంది. పద్యం పాతబడింది, ప్రాసయతులు భూస్వామ్య అవశేషాలు అని ఉపన్యాసాలిచ్చేవాళ్లకు శ్రీశ్రీ పేరు మంత్రం. మంచిదే. ఆ శ్రీశ్రీ తొలి పుస్తకం ప్రభవ, 1928, సంప్రదాయ పద్ధతిలో రాసిన కవిత్వం. అది కుర్రతనం అనుకుందాం. మహాప్రస్థానం కవిగా దేశమంతా తెలిశాక కూడా ఆయన కందాల్లో శతకం రాశాడే! మకుటం సిరిసిరిమువ్వా. గణాలు కట్టండి: సిరిసిరి, నాలుగు లఘువులు, నలం. మువ్వా, రెండు గురువులు, గగ. కందం నాలుగో పాదంలో యతి నాలుగో గణం మొదటి అక్షరం. అంటే ఈ మకుటం సరిగ్గా యతి మీద మొదలై పాదాంతం దాకా నిండుతుంది. బద్దెన వదులుకున్న పట్టు శ్రీశ్రీ కావాలని నెత్తికెత్తుకున్నాడు. ఇక నాలుగో పాదం ఎత్తుకోవాలంటే మళ్లీ అవే వాకిళ్లు: సి, సే, చి, చే, జీ, శి. అప్పటికి నాలుగు వందల ఏళ్ల కిందట కాళహస్తిలో శివుడి కోసం ఒకడు తట్టిన వాకిళ్లే, సినిమాలకు పాటలు రాసుకుంటూ, సిగరెట్టు కాలుస్తూ చమత్కారం కోసం ఇంకొకడు తట్టాడు. నమ్మకపోతే ఆ కందాలు తీసి, నాలుగో పాదాల మొదటి అక్షరాలు మాత్రం వరసగా ఒక కాగితం మీద రాసుకు చూడండి. పక్కనే ధూర్జటివి కూడా.